కామయ్య ఎక్కే స్తంభాలు

కామయ్యకు చూపు తగ్గిందని డేవిడ్‌రాజుకు ఆగస్టులో ఒక బుధవారం తెలిసింది. చెన్నంగిపల్లె చివరి స్తంభం మీద కామయ్య నట్టు బిగిస్తున్నాడు. డేవిడ్‌రాజు కింద తాడు పట్టుకొని నిలబడ్డాడు. పైన స్పానర్ నట్టుకు రెండంగుళాల పక్కన గాలిలో తిరిగింది. కామయ్య చేత్తో తడిమి, వేళ్ళతో నట్టును వెతికి పట్టుకొని, అప్పుడు స్పానర్ పెట్టాడు. రెండోసారీ అంతే. మూడోసారి అతని చెయ్యి నట్టును దాటి తీగ మీదికి పోయింది. తీగలో కరెంటు లేదు కాబట్టి సరిపోయింది.

దిగాక డేవిడ్‌రాజు అడిగాడు.

"మామా, నీకు కళ్ళు ఆనడంలేదా?"

"ఎవురు చెప్పింది?"

"నేనే చూసినా."

"ఎండ. కంట్లో కొట్టింది" అన్నాడు కామయ్య. పొద్దున్నుంచీ ఆకాశం మూసుకునే ఉంది.

నిజానికి ఆ స్తంభం ఎక్కవలసింది డేవిడ్‌రాజు. అతనికి ఇరవై తొమ్మిదేళ్ళు. సొంతూరు ఆత్మకూరు. పరీక్ష రాసి, నెల్లూరులో అందరి ముందూ స్తంభం ఎక్కి దిగి చూపించి, గ్రామ సచివాలయంలో కరెంటు ఉద్యోగం తెచ్చుకున్నాడు. ఉదయగిరి మండలంలో చెన్నంగిపల్లె, దాని చుట్టూ ఉన్న రెండు చిన్న పల్లెలు అతనివి. స్తంభాలు, తీగలు, ట్రాన్స్‌ఫార్మర్లు, ఫ్యూజులు అన్నీ అతని పేరు మీదే ఉన్నాయి. ఎక్కేది మాత్రం కామయ్య.

కామయ్యది ఉద్యోగం కాదు. యాభై నాలుగేళ్ళ మనిషి. కుర్రతనంలో స్తంభాలు పాతే కాంట్రాక్టర్ దగ్గర గుంతలు తవ్వడానికి వచ్చి, ఆ కాంట్రాక్టర్ పోయినా తాను ఉండిపోయాడు. వచ్చిన ప్రతి లైన్‌మేన్‌కూ అతను సాయం. బెల్టు కట్టుకోడు, గ్లోవ్స్ వేసుకోడు. లుంగీ పైకి దోపి, పాదాలకు తాడు వేసుకొని, చూస్తుండగానే పైన ఉంటాడు. రైతులు పంటల కాలంలో ఇంత గింజలు పోస్తారు, పని పడినప్పుడు చేతిలో ఏదో పెడతారు. ఇరవై ఆరేళ్ళుగా అతని పేరు ఏ రిజిస్టర్‌లోనూ లేదు. ఈ సంగతి అందరికీ తెలుసు, ఎవరూ కాగితం మీద పెట్టలేదు.

డేవిడ్‌రాజు ఎక్కకపోవడానికి కారణం వెంకటేష్. ఇద్దరూ ఒకే రోజు ఉద్యోగంలో చేరారు. కొత్తలో సోమశిల కాలువ పక్కన ఒక పల్లెలో ఇద్దరికీ కలిపి పని వేశారు. సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి ఎల్‌సీ తీసుకున్నారు. ఎల్‌సీ అంటే ఆ లైనుకు కరెంటు ఆపి, పని అయిందని చెప్పేదాకా మళ్ళీ ఇవ్వబోమని అవతలివాళ్ళు ఇచ్చే మాట, ఒక నంబరు. దాని తర్వాత చెయ్యవలసింది ఇంకొకటి ఉంటుంది. పొడుగు కర్రకు కట్టిన కొక్కేలను మూడు తీగలకూ తగిలించి, వాటి వైరును భూమిలో పాతిన ఇనుప మేకుకు కలపాలి. ఎర్త్ రాడ్డు అంటారు. ఎటునుంచైనా పొరపాటున కరెంటు వస్తే అది మనిషిలోంచి కాకుండా భూమిలోకి పోతుంది.

"రాడ్డు తెస్తా ఉండు" అన్నాడు డేవిడ్‌రాజు ఆరోజు.

"రెండు నిముషాల పనికి రాడ్డేందిరా, నీ పిరికితనం" అని వెంకటేష్ ఎక్కేశాడు.

ఎవరో జనరేటర్ వేసుకున్నారు. ఇంటి మెయిన్ దించకుండా వేశారు. ఆ కరెంటు వెనక్కు తన్నుకొచ్చింది. రాడ్డు బండికి కట్టినట్టే ఉంది. తాడు డేవిడ్‌రాజు చేతుల్లో ఉంది. తాడు అవతలి కొసన బరువు ఒక్కసారిగా మారింది. అతనికి గుర్తున్నది ఆ బరువే.

వెంకటేష్ పోయాక అతన్ని చెన్నంగిపల్లెకు మార్చారు. మొదటివారం స్తంభం మొదట్లో నిలబడి అతను చేతులు చొక్కాకు తుడుచుకుంటూ ఉండిపోయాడు. కామయ్య ఒక్కమాట అడగలేదు. చెప్పులు విడిచి, ఎక్కి, పని చేసి దిగాడు. అట్లా మూడేళ్ళు గడిచాయి.

బుధవారం రాత్రి డేవిడ్‌రాజుకు నిద్ర పట్టలేదు. కామయ్య పడితే ఏం రాస్తారో అతనికి తెలుసు. సంబంధం లేని వ్యక్తి అనుమతి లేకుండా స్తంభం ఎక్కి ప్రమాదానికి గురయ్యాడు. ఆ వాక్యం రాయవలసింది తనే. కింద సంతకం తనది.

మర్నాడు తన పై అధికారి ఏఈ చంద్రశేఖర్‌కు ఫోన్ చేశాడు. "సార్, కామయ్యకు చూపు సరిగా లేదు. ఎక్కనియ్యకూడదు."

"ఎవరు కామయ్య?" అన్నాడు ఏఈ. "ఆ పేరు గల మనిషి మన దగ్గర లేడు డేవిడ్. ఎక్కాల్సింది నువ్వు. అయితే నువ్వెక్కు" అని పెట్టేశాడు.

ఆ మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

ఉదయగిరి నుంచి ఆత్మకూరు పోయే రోడ్డు పక్కన, ఊరు దాటాక, ఇళ్ళ స్థలాలకని ఎవరో పదెకరాలు చదును చేసి వదిలేశారు. రోడ్లు గీశారు, హద్దురాళ్ళు పాతారు, పన్నెండు కరెంటు స్తంభాలు నిలబెట్టారు. ఒక్క స్థలమూ అమ్ముడుపోలేదు. స్తంభాలకు తీగలు కట్టలేదు. ఏ తప్పు చేసినా కరెంటు రావడానికి దారి లేని స్తంభాలు చుట్టుపక్కల ఇవే.

పొద్దున ఆరింటికి డేవిడ్‌రాజు అక్కడికి పోయాడు. నడుముకు బెల్టు కట్టుకున్నాడు, పాదాలకు తాడు వేసుకున్నాడు. పైదాకా ఎక్కేద్దామనే వచ్చాడు. నేలనుంచి రెండు మూరలు లేచేసరికి అరచేతులు తడిసిపోయాయి. దూకేశాడు. మళ్ళీ ఎక్కాడు, మళ్ళీ దూకాడు. మూడోసారి స్తంభాన్ని కావలించుకొని, చెంప సిమెంటుకు ఆనించి, అక్కడే కాసేపు ఉండిపోయాడు. అంతే ఆరోజుకు.

మర్నాడు కూడా పైకి చూశాడు. చూడగానే కాళ్ళు కదల్లేదు. స్తంభానికి ఛాతీ ఎత్తున ఒక తుప్పు మరక ఉంది. అక్కడిదాకా పోతే చాలనుకున్నాడు. పోయాడు. దిగి, చెప్పులు వేసుకొని డ్యూటీకి వెళ్ళాడు. మరక పైన ఒక పగులు ఉంది. దాని పైన కందిరీగ కట్టిన మట్టిగూడు, ఆపైన పసుపు రంగుతో వేసిన నంబరు. కొస అనుకుంటే కదలని కాళ్ళు మట్టిగూడు అనుకుంటే కదిలాయి. భయం తగ్గిందా అంటే తగ్గలేదు. ఇంతకుముందు అది స్తంభం మొదట్లోనే ఎదురయ్యేది, ఇప్పుడు మట్టిగూడు దగ్గర ఎదురవుతోంది. అంతమేరకు స్తంభం తనదైంది.

ఆ బీడులో మేకలు తోలే వెంకమ్మ మూడోరోజుకే పట్టేసింది. కర్ర భుజాన వేసుకొని కింద నిలబడింది.

"ఏం నాయనా, తీగే లేదు గదా, ఏం రిపేరు చేస్తుండావు?"

"రిపేరు కాదవ్వా. నేర్చుకుంటుండా."

"జీతమిచ్చేది నేర్చుకున్న వాళ్ళకు గదా?"

డేవిడ్‌రాజు కాళ్ళ తాడు ఇంకో జానెడు పైకి జరిపాడు.

"నా మేకపిల్ల నీకన్నా పైకి ఎక్కుద్ది. సరే సరే, మాట్లాడితే పడతావు. నేను పోతుండా" అంది. పోలేదు. అతను దిగేదాకా ఓరగా చూస్తూ నిలబడింది.

తొమ్మిదో రోజు కాలు జారి మోచేతులు చెక్కుకుపోయాయి. ఆరు రోజులు అటువైపు పోలేదు. ఇంట్లో భార్య జెస్సికా మోచేతుల లోపలివైపు గీతలు చూసి, "ఇవేంది?" అంది. సామాను మోసినానన్నాడు. ఆమె కొబ్బరినూనె రాస్తూ, "సామానును కావలించుకొని మోస్తారా?" అంది. అతను అప్పుడు చెప్పాడు. ఉద్యోగంలో చేరాక అతను స్తంభమే ఎక్కలేదని మొదటిసారి ఆమెకు తెలిసింది. ఆమె రెండో చెయ్యి పట్టుకొని నూనె రాసింది. మర్నాడు ఐదున్నరకు లేపింది.

సెప్టెంబరు చివర అతను తీగలేని స్తంభం కొసను చేత్తో పట్టుకున్నాడు. వెంకమ్మ ఆరోజు రాలేదు.

ఆపైన అసలు స్తంభాలు. బడి ముందు వీధిలైటు మాడి నెలన్నరైంది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర కరెంటు ఆపి, ఆపినట్టు టెస్టర్‌తో చూసి, నమ్మకం చాలక మళ్ళీ చూసి, ఎక్కి బల్బు మార్చాడు. పావుగంట పనికి గంటన్నర పట్టింది. వారం తర్వాత ఒక ఇంటికి పోయే వదులు తీగ బిగించాడు. అక్టోబరులో ట్రాన్స్‌ఫార్మర్ గద్దె ఎక్కి ఫ్యూజులు తనే కట్టాడు. ప్రతిసారీ ఎల్‌సీ నంబరును ఎడమ ముంజేతి మీద పెన్నుతో రాసుకునేవాడు. పని అయ్యి, కరెంటు వచ్చి, ఇంటికి పోయి స్నానం చేసేదాకా దాన్ని చెరిపేవాడు కాదు.

కామయ్య ఇదంతా చూస్తూనే ఉన్నాడు. ఫ్యూజులు కట్టిన రోజు సాయంత్రం టీకొట్టు దగ్గర ఎదురుపడి బండి తాళం లాగేసుకున్నాడు.

"నా మీద నీకేం కోపం?" అన్నాడు.

"కోపమేంది మామా?"

"మూడేండ్లు నీ స్తంభాలు నేనెక్కినా. నీ గుట్టు ఒక్కడికి చెప్పినానా? ఇప్పుడు నీకు కాళ్ళొచ్చినాయి. ముసలోడు అక్కర్లేదు. అంతే గదా?"

"నీకు కనపడ్డంలేదు మామా."

"కనపడకపోతే ఏంది? నా చేతులకు తెలుసు. ఈ మూడూళ్ళల్లో ఏ స్తంభానికి ఏ నట్టు ఏ పక్క ఉండాదో నిద్దట్లో చెప్తా. నువ్వు లైటు మార్చినావు. దాని పేరు స్తంభమెక్కడమా? హెచ్‌టీ లైను ఎక్కు, అప్పుడు మాట్లాడు."

హెచ్‌టీ అంటే పదకొండు వేల ఓల్టులు. వెంకటేష్ ఎక్కింది అట్లాంటి లైనే.

"ఆత్మకూరు పోదాం మామా, ఆస్పత్రికి. శుక్లాలైతే తీసేస్తారు."

"కత్తి కంట్లో పెట్టేది నీ కంట్లో పెట్టించుకో" అని కామయ్య తాళం అతని కాళ్ళ ముందు పడేసి వెళ్ళాడు. అయినా మర్నాడు పొద్దున మామూలుగానే సచివాలయం గోడ దగ్గర కూర్చొని ఉన్నాడు. ఎక్కడైనా లైను తెగితే తనకన్నా ముందు కామయ్య ఎక్కేస్తాడేమోనని డేవిడ్‌రాజు ఫోన్ మోగిన ప్రతిసారీ మొదట ఆ గోడవైపు చూసేవాడు.

నవంబరులో తుఫాను పట్టింది. ఉదయగిరి దుర్గం మూడురోజులు మబ్బులోంచి బయటికి రాలేదు. నాలుగోరోజు వాన తుంపరకు తగ్గింది గాని గాలి తగ్గలేదు. జామాయిల్ తోట అవతల హెచ్‌టీ స్తంభం మీద తీగను మోసే పింగాణీ ముందురోజే పగిలి, తీగ ఇనుప కమ్మీ మీద పడింది. చెన్నంగిపల్లెకు కరెంటు పోయింది. మంచినీళ్ళ ట్యాంకు ఖాళీ అయింది. ఊళ్ళో పాలు పోయించుకొని చల్లబరిచే కేంద్రం రమణయ్య నాయుడిది. జనరేటర్ ఒక పూట నడిచి ఆగిపోయింది. ముందురోజు పాలు కాలవలో పారబోశారు.

మధ్యాహ్నం రెండింటికి కామయ్య స్తంభం కింద చెప్పులు విడుస్తుండగా డేవిడ్‌రాజు బండి దిగాడు.

"మామా, నేనెక్కుతా."

"ఈ గాలిలోనా? నువ్వు?"

"నేనే."

కామయ్య అతని మొహంలోకి చూశాడు. ఎంత కనపడిందో ఏమో. "వణుకుతుండావు" అన్నాడు.

"అవును. వణుకుతూనే ఎక్కుతా. నువ్వెక్కితే ఈడ కింద నిలబడి వణకాల. రెండూ ఒకటే."

ఇది అబద్ధం. పైన ఉన్నప్పుడు వచ్చే వణుకు వేరే.

సబ్‌స్టేషన్‌లో డ్యూటీలో ఉన్నది సందీప్. ఎల్‌సీ ఇచ్చి నంబరు చెప్పాడు. డేవిడ్‌రాజు ముంజేతి మీద రాసుకున్నాడు. తోటకు ఇవతల, పాలకేంద్రం పక్కన, లైనును రెండు ముక్కలు చేసే స్విచ్ ఉంది. స్తంభం మీద స్విచ్, కింద దాన్ని దించే ఇనుప పిడి. పిడి దించి, పైన తీగలను కలిపే మూడు కత్తులూ విడిపోయాయని చూశాడు. అప్పుడే ఏఈ ఫోన్ చేశాడు. "పిడి దించావు కదా. అక్కడిదాకా ఛార్జ్ చేయిస్తున్నా. మీ ఒక్క ఊరి కోసం నాలుగూళ్ళు చీకట్లో ఎందుకు?" అది మామూలుగా జరిగేదే. ఛార్జ్ చేస్తే స్విచ్ వరకూ కరెంటు ఉంటుంది. ఆ తర్వాత డేవిడ్‌రాజుకూ పదకొండు వేల ఓల్టులకూ మధ్య ఉండేది ఆ ఇనుప పిడి ఒక్కటే. దానికి తాళం లేదు. తాళం ఎప్పుడో పోయింది. ఫ్యూజు పోయినప్పుడల్లా రైతులే పిడి దించుకొని, కట్టుకొని, పైకి వేసుకోవడం ఆ ఊరి అలవాటు.

అతను కామయ్యను పిడి దగ్గరికి తీసుకువచ్చాడు.

"మామా, దీన్ని పట్టుకొని నిలబడు. తోట అడ్డం, నేను ఈడికి కనపడను. నాకేదీ వినపడదు. నేనొచ్చి నీ భుజం మీద చెయ్యేసేదాకా ఎవురు చెప్పినా వదలొద్దు."

"నన్ను కాపలా కుక్కను చేసినావు" అన్నాడు కామయ్య. పిడి మాత్రం పట్టుకున్నాడు.

తోట అవతల డేవిడ్‌రాజు ఇనుప మేకు సుత్తితో తడినేలలోకి దించాడు. నేల మీదినుంచే రాడ్డు ఎత్తి మూడు కొక్కేలూ తగిలించాడు. పాలకేంద్రం నుంచి వచ్చిన ముగ్గురు నలుగురు గట్టు మీద నిలబడ్డారు. బెల్టు బిగించి, స్తంభాన్ని పట్టుకున్నాడు. సిమెంటు తడిగా, చల్లగా ఉంది. కొసవైపు చూడలేదు. కళ్ళ ఎదురుగా ఒక గీత కనపడింది, అక్కడికి. దానిపైన నాచు పట్టిన మచ్చ, అక్కడికి. గాలి వచ్చినప్పుడు ఆగి, పోయాక కదిలాడు. సగంలో పాదం జారింది. తాడు పట్టింది. కింద ఎవరో "అయ్యో" అన్నారు, ఎవరో నవ్వారు.

పైకి చేరి కమ్మీ మీద మోచెయ్యి వేశాడు. బెల్టు తగిలించుకున్నాడు. తీగవైపు చెయ్యి చాచబోయి ఆగాడు. రెండు కొక్కేలు తీగల మీద ఉన్నాయి. మూడోది గాలికి జారి తీగకు పక్కన, కమ్మీ అంచుకు చిక్కుకొని ఉంది. తను పట్టుకోవలసింది ఆ మూడో తీగనే.

వంగితే కొక్కెం అందుతుంది. తీసి తీగమీద వేస్తే అయిపోతుంది. కరెంటు లేదు. కామయ్య పిడి దగ్గర ఉన్నాడు. రెండు నిముషాల పని. ఇంత ఎత్తు మళ్ళీ ఎక్కగలడో లేడో తెలియదు. చెయ్యి సగం దూరం పోయింది. అక్కడ ఆగింది. చెయ్యి వెనక్కు తీసుకున్నాడు. బెల్టు విప్పి దిగడం మొదలుపెట్టాడు.

"దిగతుండాడురో, దిగతుండాడు!"

"మాకు ముందే తెలుసు. కామయ్యను పిలవండిరా."

"నాయనా, పాలు విరగతాయి, నిచ్చెన ఏమన్నా తేవాల్నా?"

నేల మీదికి వచ్చి ఎవరి మొహమూ చూడకుండా రాడ్డు పట్టుకున్నాడు. కొక్కెం నాలుగుసార్లు తీగను తప్పింది. ఐదోసారి పడింది. గుంజి చూశాడు. మిగతా రెండూ గుంజి చూశాడు. నీళ్ళు తాగి, మళ్ళీ స్తంభం పట్టుకున్నాడు. రెండోసారి ఎక్కడం మొదటిసారికన్నా కష్టమైంది.

పైన పగిలిన పింగాణీ విప్పుతుండగా తోటవైపు నుంచి కేకలు వినపడ్డాయి. గాలిలో మాటలు విడివిడిగా వచ్చాయి. ఒకటి రమణయ్య నాయుడి గొంతు. రెండోది కామయ్యది. జామాయిల్ చెట్ల తలలు ఊగుతున్నాయి, వాటి మధ్యనుంచి ఏమీ కనపడటం లేదు. ఏం జరుగుతోందో అతనికి అర్థమైంది. నాయుడి ఇంటి మిద్దె మీదినుంచి చూస్తే ఈ స్తంభం కనపడుతుంది. తను దిగడం చూసి ఉంటాడు. మళ్ళీ ఎక్కడం చూసి ఉండడు. లైన్‌మేన్ దిగితే పని అయినట్టే. పని అయితే పిడి ఎవరైనా వెయ్యవచ్చు. ఊరి లెక్క అది.

డేవిడ్‌రాజు అరిచాడు. గాలి ఎదురుగా ఉంది. గట్టు మీదివాళ్ళకు చెయ్యి ఊపాడు. ఒకడు తిరిగి చెయ్యి ఊపాడు. ఫోన్ చొక్కా జేబులో ఉంది. వాన కోటు కింద, బెల్టు కింద. తీగకు ఆనకుండా రెండు చేతులూ స్తంభం చుట్టూ వేసి, కళ్ళు మూసుకొని ఉండిపోయాడు. రాడ్డు వేసి ఉంది. వేసిన రాడ్డు ఎంతవరకు కాపాడుతుందో ఎవరూ పరీక్షించి చూసుకోరు. అట్లా ఎంతసేపున్నాడో తెలియదు. కేకలు ఆగాయి. ఏమీ జరగలేదు. ఏమీ జరగకపోవడం మరో క్షణం, మరో క్షణం సాగింది. అతను కళ్ళు తెరిచి కొత్త పింగాణీ ఎక్కించాడు, తీగ కట్టాడు, రెండుసార్లు చూసుకొని దిగాడు. రాడ్డు తీసి భుజాన వేసుకొని, జనాన్ని దూరంగా ఉండమని చెప్పి, తోట చుట్టూ తిరిగి వచ్చాడు.

కామయ్య పిడిని రెండు చేతులతో కావలించుకొని, దానిమీదే వంగి ఉన్నాడు. చొక్కా భుజం దగ్గర చిరిగి ఉంది. నాయుడు ఎదురుగా మండిపడుతూ నిలబడ్డాడు.

"చూడు డేవిడూ, వీడికి పిచ్చెక్కిందేమో. నువ్వు దిగినావు, నా కళ్ళతో నేను చూసినా. పిడి వెయ్యరా అంటే కరవబోయినాడు!"

"నాయుడుగారూ, నేను మళ్ళీ ఎక్కినా. ఇప్పటిదాకా పైనే ఉండా."

నాయుడు తోటవైపు తిరిగి చూశాడు. అతని మొహంలో రక్తం ఇంకిపోయింది. "నేను... దిగడమే చూసినా" అన్నాడు నెమ్మదిగా, ఇంకెవరికో చెబుతున్నట్టు.

డేవిడ్‌రాజు కామయ్య భుజం మీద చెయ్యి వేశాడు. కామయ్య వదల్లేదు. "నేనే మామా" అన్నాడు. అప్పటికీ వదల్లేదు. వేళ్ళు ఒక్కొక్కటే విప్పవలసి వచ్చింది.

"నిజంగా దిగినావేమో అనుకున్నా" అన్నాడు కామయ్య. "ఆయన ఒట్టేసినాడు. నాకు అగపడదు గదా, ఎవురిని నమ్మాల? నువ్వు చెయ్యేస్తానన్నావు, అదొక్కటే పట్టుకున్నా. ఒంట్లో చెమటలు పట్టినాయి, అబ్బయా."

సందీప్‌కు చెప్పి కరెంటు ఆపించి, పిడి పైకి వేసి, మళ్ళీ ఇప్పించారు. పాలకేంద్రంలో మోటారు మొదలైంది. నాలుగున్నరైంది. ఏఈ ఫోన్ వచ్చింది. గొంతులో ఉత్సాహం ఉంది.

"శభాష్ డేవిడ్! నువ్వే ఎక్కావట కదా. పక్క ఊరికి పోయే దారిలో, మలుపు దగ్గర స్తంభానికి కూడా పింగాణీ పగిలింది. అక్కడివాడు సెలవులో ఉన్నాడు. ఊపులో ఉన్నావు, అది కూడా కానిచ్చెయ్. గంట పని."

"చూస్తా సార్" అన్నాడు డేవిడ్‌రాజు. నిజంగానే ఊపు ఉంది. కాళ్ళు నొప్పి పుడుతున్నా, ఇప్పుడైతే ఎక్కగలననిపించింది. రేపటికి ఆ ధైర్యం ఉంటుందో లేదో.

కామయ్య వెనక ఎక్కాడు. దారంతా మాట్లాడాడు. "ఆ స్తంభం నేను గుంత తీసి నిలబెట్టింది. దాన్ని నాకు వదిలెయ్. నీకు చేతులు పడిపోయినాయి. కళ్ళు మూసుకొని ఎక్కుతా. మూడు తీగలు, నడిమిదాని నట్టు కుడిపక్క. సీకటి పడేలోపల అయిపోతుంది." బండి ఆగీ ఆగకముందే దిగి చెప్పులు విడిచాడు. తాడు పాదాలకు వేసుకుంటున్నాడు.

డేవిడ్‌రాజు తల ఎత్తి చూశాడు. మబ్బు వెనక వెలుతురు తరిగిపోతోంది. ఒకటి, రెండు, మూడు. వాటికి మూరెడు కింద, కొత్త కమ్మీ మీద, మరో మూడు తీగలు. వాటిమీద నీటిబొట్టు చిటచిటమంటోంది. వేసవిలో ఎవరో కాంట్రాక్టర్ ఇంకో సబ్‌స్టేషన్ నుంచి వచ్చే లైనును ఇదే స్తంభాల మీద కట్టినట్టున్నాడు. కింది తీగల్లో కరెంటు ఉంది. పైదానికి ఎల్‌సీ తీసుకున్నా వీటిలో కరెంటు ఆగదు.

"మామా, ఆగు. పైన ఎన్ని తీగలుండాయి?"

కామయ్య తల ఎత్తాడు. కళ్ళు చికిలించాడు. చేతిని కనుబొమల మీద పెట్టుకున్నాడు.

"మూడు" అన్నాడు. "మూడే గదా?"

కామయ్య అట్లాగే పైకి చూస్తూ నిలబడ్డాడు. చిటచిట చప్పుడు అతనికీ వినపడింది. ఎక్కడినుంచి వస్తోందో వెతుకుతూ తల అటూ ఇటూ తిప్పాడు. తర్వాత చాలా నెమ్మదిగా వంగి పాదాలకు ఉన్న తాడు తీసేశాడు.

"ఎన్ని?" అని అడిగాడు.

"ఆరు."

డేవిడ్‌రాజు ఏఈకి ఫోన్ చేశాడు. "రెండు లైన్లున్నాయి సార్. రెండు సబ్‌స్టేషన్ల నుంచీ ఎల్‌సీ కావాలి, రెండు రాడ్లు కావాలి. రేపు పొద్దున చేస్తా." ఏఈ గొంతు పెంచాడు. ఆ ఊరు ఇంకో రాత్రి చీకట్లో ఉంటుందన్నాడు. సర్పంచికి ఏం చెప్పమంటావన్నాడు. డేవిడ్‌రాజు అంతా విని, "రేపు సార్" అన్నాడు.

రేపు తను ఎక్కవలసిన స్తంభాన్ని ఇంకోసారి చూశాడు. ఆ కింది మూడు తీగలను దాటి పైకి పోవాలి. అరచేతులు అప్పుడే తడిశాయి.

కామయ్య చెప్పుల కోసం కాలితో నేలను తడుముకుంటున్నాడు. డేవిడ్‌రాజు వంగి వాటిని దగ్గరికి జరిపాడు.

"పొద్దున్నే వస్తా" అన్నాడు కామయ్య. "రెండో పిడి ఏడుంటుందో ఇప్పుడే చూపిచ్చు. కింద నిలబడేది నేనే."